మేడమ్ ఇల్లు చూడ్డానికి వచ్చేలోపు

దత్తతకు దరఖాస్తు పెట్టుకున్న చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది సున్నం. ‘మేడమ్ ఇల్లు చూడ్డానికి వస్తదంట’ అని కబురు అందిందంటే గోడలకు రంగు పడుతుంది, పక్కింటి నుంచి నాలుగు కుర్చీలు వస్తాయి, పెళ్లిచూపుల నాటి హడావిడి మళ్లీ మొదలవుతుంది. తీరా ఆమె వచ్చి గోడల వంక ఒక చూపు చూసి, కూర్చుని అడిగే ప్రశ్నలకు మాత్రం ఇంట్లో ఎవరూ తయారై ఉండరు. పిల్లలు లేరన్న బాధ మీ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ? ఈ సంగతి విని మీ అమ్మ ఏమంది? రేపు బడిలో ఎవరో ‘నువ్వు వీళ్లకు పుట్టలేదు’ అంటే బిడ్డకు ఏం చెప్తారు? మీ ఇద్దరికీ ఏమన్నా అయితే ఆ బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతుంది?

భర్త భార్య వంక చూస్తాడు. భార్య కొంగు సర్దుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ అడుక్కోని ప్రశ్నలివి.

ఆమె రాసుకుపోయే కాగితం పేరు హోమ్ స్టడీ రిపోర్ట్. దేశంలో దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ నిర్దేశించిన నమూనాలో, దత్తత సంస్థకు చెందిన సామాజిక కార్యకర్త గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం పంపే వ్యక్తి గానీ దాన్ని తయారుచేస్తారు. అందులో ఇంటి గదుల ప్రస్తావన కొంతే ఉంటుంది. ఎక్కువ భాగం మనుషుల గురించి. దంపతులు ఎలా పెరిగారు, ఎందుకు దత్తత కోరుతున్నారు, తాతా అవ్వలు ఏమనుకుంటున్నారు, బిడ్డ తప్పు చేస్తే ఈ ఇంట్లో ఏం చేస్తారు, ఇద్దరూ పనికి పోతే ఎవరు చూసుకుంటారు, దత్తత సంగతి బిడ్డకు చెప్తారా లేదా అన్నవి వివరంగా రాయాలి. ఆదాయం కూడా ఉంటుంది. కానీ నెలకు ఇంత సంపాదించాలన్న అంకె నిబంధనల్లో ఎక్కడా లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు తగరన్న మాటా లేదు. మగ్గం మీద బతికే గద్వాల నేతకారు దంపతులు, మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రంతో, జీతం చీటీ ఉన్న ఉద్యోగి పక్కన అదే వరుసలో నిలబడవచ్చు.

మరి ఇంత ఆరా ఎందుకు? బిడ్డను కనే దంపతుల్ని ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగరు కదా అన్న ఉక్రోషం ఈ దారిలో నడిచే వాళ్లందరికీ ఏదో ఒక రోజు వస్తుంది. రావడం సహజమే. దానికి జవాబు మాత్రం ఈ పాలమూరు ప్రాంతపు పొరుగునే దొరుకుతుంది.

1999లో, మళ్లీ 2001లో, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కొన్ని దత్తత సంస్థల బండారం బయటపడింది. తండాల్లో పుట్టిన లంబాడీ ఆడశిశువుల్ని దళారుల ద్వారా కొద్ది డబ్బుకు కొని, కన్నవాళ్లే ఇష్టపడి వదులుకున్నట్టు కాగితాలు పుట్టించి, విదేశీ దంపతులకు పంపుతున్నారన్నది ఆరోపణ. ఆ కథల్లో ఎక్కువగా వినిపించిన దేవరకొండ ప్రాంతం నల్లగొండ జిల్లాది. అటు నుంచి డిండి దాటితే ఇటు పాలమూరు వైపు అచ్చంపేట. రెండువైపులా అవే తండాలు, అదే కరువు, మూడో ఆడపిల్ల పుట్టిన ఇంట్లో అదే మౌనం. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం, ఆడపిల్ల అన్న కారణాలు చూపి బిడ్డను వదులుకునే పద్ధతిని నిషేధించాల్సి వచ్చింది. అంతకు చాలా ముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు కట్టుబాట్లు పెడుతూ, దత్తత కోరే కుటుంబాన్ని విచారించి నివేదిక ఇవ్వాలని చెప్పింది. ఇవాళ గద్వాల గల్లీలోకి వచ్చే ‘మేడమ్’ చేతిలోని కాగితానికి మూలం అక్కడ ఉంది.

పాత కథే కదా అనుకునేందుకు వీల్లేదు. 2024 మేలో రాచకొండ పోలీసులు మేడిపల్లిలో పట్టుకున్న ముఠా ఢిల్లీ, పుణెల నుంచి పసికందుల్ని తెచ్చి తెలుగు రాష్ట్రాల్లో లక్షలకు అమ్మింది. కొన్నవాళ్లలో చాలామంది దుర్మార్గులు కారు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, తొందరపడినవాళ్లు. నెలల పాటు గుండెల మీద పెంచిన బిడ్డల్ని పోలీసులు తీసుకువెళ్తుంటే ఆ ఇళ్లలో ఏడుపులు మిన్నంటాయి. వ్యవహారం కోర్టులకెక్కింది. బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. అందులో ఆసుపత్రి సిబ్బంది చేయి ఉంటే శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. కనుక నర్సమ్మో, ఆర్‌ఎంపీనో ‘ఒక బిడ్డ ఉన్నది, రాత్రికి రాత్రే తీసుకపోవచ్చు’ అన్నప్పుడు చేయవలసింది ఒక్కటే: పిల్లల సహాయవాణి 1098కి ఫోన్.

ఇక అసలు దారి. 2016 అక్టోబరు 11న పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి మూడు చోట్లా కలెక్టర్, జిల్లా సంక్షేమాధికారి, బాలల పరిరక్షణ విభాగం ఉన్నారు. దంపతులు కారా నడిపే ‘కేరింగ్స్’ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కంప్యూటర్ చేతకాకపోతే బాలల పరిరక్షణ విభాగం వాళ్లు సాయం చేస్తారు. నమోదు మొదలుపెట్టిన 30 రోజుల్లో పత్రాలన్నీ ఎక్కించాలి. పుట్టినతేదీ, పాన్, చిరునామా, ఆదాయం, పెళ్లి ధ్రువపత్రం, ప్రాణాంతకమైన జబ్బులు లేవన్న డాక్టరు పత్రం అందులో ముఖ్యం. పల్లెల్లో ఎక్కువమందికి చిక్కు పెళ్లి ధ్రువపత్రం దగ్గర వస్తుంది. పదిహేనేళ్ల కిందట గుళ్లో చేసుకున్న పెళ్లికి కాగితం ఎక్కడిది? దరఖాస్తు ఆలోచన వచ్చిన రోజే ఆ పని మొదలుపెడితే నెల కలిసివస్తుంది. పత్రాలు ఎక్కించి నమోదు పూర్తిచేసిన తేదీని బట్టే వరుసలో చోటు దక్కుతుంది కాబట్టి ఆ నెలకు విలువ ఉంది.

పెళ్లయి కనీసం రెండేళ్లు స్థిరంగా కలిసి ఉండాలి. ఇద్దరి సమ్మతీ కావాలి. ఒంటరి మహిళ ఆడబిడ్డనైనా మగబిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడబిడ్డను ఇవ్వరు. మతంతో పట్టింపు లేదు. 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఏ మతస్తులైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది.

వయసు లెక్క దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. 2022 దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. భర్తకు 45, భార్యకు 41 ఉన్న వనపర్తి దంపతుల్ని ఊహించుకుంటే, వాళ్ల లెక్క 86. ఒక్క ఏడాది తేడాతో పసిబిడ్డ చేజారిపోయింది. ఆ ఏళ్లన్నీ ఎక్కడ పోయాయంటే చాలాసార్లు జవాబు కర్నూలు, హైదరాబాద్ సంతాన చికిత్సాలయాల్లో దొరుకుతుంది. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అంటూ ప్లాటు అమ్మి, బంగారం కుదువపెట్టి, చివరికి అలసిపోయి దత్తత వైపు తిరిగేసరికి పుట్టినతేదీలు ఎదురు నిలుస్తాయి. చికిత్స వద్దని ఎవరూ అనరు. ఎన్నిసార్ల వరకు, ఎంత ఖర్చు వరకు అన్న గీత మాత్రం మొదట్లోనే గీసుకోవాలి. ఆ గీత గీయడం డాక్టరు పని కాదు, దంపతుల పని.

చికిత్స ఆపేశాక నేరుగా పోర్టల్ ముందు కూర్చోవడం కూడా మంచిది కాదు. పుట్టని బిడ్డ కోసం దుఃఖం ఒకటి మిగిలి ఉంటుంది. ఊళ్లో దానికి చోటే ఉండదు, చావు జరిగితే తప్ప ఎవరూ పరామర్శకు రారు. బారసాల పిలుపు వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునే భార్య, ఆ మాటెత్తితే బయటికి వెళ్లిపోయే భర్త ఇంకా ఆ దుఃఖంలోనే ఉన్నారు. సామాజిక కార్యకర్త అడిగే ‘ఎందుకు దత్తత?’ అన్న ప్రశ్నకు ‘మాకు పుట్టలేదు గనుక’ అన్న జవాబు అబద్ధం కాదు, కానీ అక్కడే ఆగిపోతే వచ్చే బిడ్డ ఎవరి స్థానంలోనో కూర్చోవలసి వస్తుంది. కొన్ని నెలలు ఆగి, ఇద్దరూ ఆ మాట ఏడుపు లేకుండా మాట్లాడుకోగలిగినప్పుడు దరఖాస్తు పెట్టినా ఆలస్యమేమీ కాదు, వయసు లెక్క ఒప్పుకున్నంతవరకు.

ఇంట్లో పెద్దలతో మాట్లాడడం ఈ ప్రయాణంలో కష్టమైన ఘట్టం. కొడుకు దత్తత మాట ఎత్తగానే తల్లి నోట వచ్చే మాట ఇలా ఉంటుంది: ‘ఎవరి పిల్లనో తెచ్చుకునుడేంది బిడ్డా? మీ అక్కకు ముగ్గురున్నరు గద, ఒక్కర్ని ఇయ్యదా?’ ఆ తల్లి అడిగినదాంట్లో తప్పులేదు. పాలమూరు పల్లెల్లో అన్న బిడ్డను తమ్ముడు, అక్క కొడుకును చెల్లె సాదుకోవడం తరాలుగా ఉన్నదే. సంస్థానాల్లోనూ అదే దారి. వనపర్తిలో మొదటి రామేశ్వరరావు మరణానంతరం రాణి శంకరమ్మ దత్తత ద్వారానే వారసుణ్ణి తెచ్చుకుంది. అయితే రాజులకు కావలసింది గద్దెకు వారసుడు. ఆ తల్లి మాటలోనూ ఆ నీడ ఉంటుంది: మన రక్తం, మన కులం, మన భూమి. ఇప్పటి నివేదిక వేరే వైపు నుంచి చూస్తుంది, బిడ్డకు ఇల్లు దొరుకుతుందా అని.

బంధువుల బిడ్డను తీసుకోవడానికి చట్టంలో దారులున్నాయి. హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఉంది. కొడుకు ఉన్నవాళ్లు ఇంకో కొడుకును దత్తత తీసుకోలేరు, కూతురు ఉన్నవాళ్లు ఇంకో కూతురిని తీసుకోలేరు. ఆచారం ఒప్పుకుంటే తప్ప బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. ఇచ్చినందుకు డబ్బు పుచ్చుకోవడం నేరం. పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే తర్వాత కోర్టులో బలం. ఎక్కువమంది ఇది చేయరు. ‘మనలో మనకు కాగితమెందుకు’ అని వదిలేస్తారు. అక్క మనసు మారినా, పొలం ధర పెరిగినా ఆ బిడ్డ రెండిళ్ల మధ్య నలిగిపోతుంది. పేగుబంధం ఉన్నచోటే తగువు ఎక్కువ ముదురుతుంది.

పెద్దలు చివరిదాకా ఒప్పుకోకపోతే? ఆ సంగతి దాచి, మేడమ్ వచ్చిన రోజు అవ్వను పొలానికి పంపేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అంతకన్నా ‘మా అమ్మకు ఇష్టం లేదు, అయినా పక్క గదిలోనే ఉంటది, మేమిట్ల సర్దుకుందామనుకుంటున్నం’ అని చెప్పే దంపతుల మీద నమ్మకం ఎక్కువ కలుగుతుంది. బీపీ, షుగర్ విషయమూ అంతే. మందుల చీటీతో సహా చూపించినవాళ్లకు అనుమానం తగలదు. అప్పులున్నా, ఒకసారి విడిపోయి కలిసినా చెప్పాలి. నివేదికలో తగరని తేలితే కారణాలు తెలపాలని నిబంధన ఉంది. ఆ నిర్ణయం మీద కారాకు అప్పీలు చేసుకోవచ్చు. కానీ అబద్ధం దొరికిపోయాక అప్పీలులో వాదించడానికి ఏం మిగులుతుంది?

ఇంగ్లండులో ఈ పరిశీలన రెండు దశల్లో నడుస్తుంది. మొదటిదానికి రెండు నెలలు, రెండోదానికి నాలుగు నెలలు. మధ్యలో శిక్షణ తరగతులు, చివర ఒక ప్యానెల్ ముందు హాజరు. ఇక్కడ ఒకటి రెండు సందర్శనలతో ముగిసిపోవచ్చు. కాబట్టి ఆ శిక్షణేదో ఇంట్లోనే చేసుకోవాలి. ఒక ఆదివారం సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి, పైన చెప్పిన ప్రశ్నలకు భార్యాభర్తలు విడివిడిగా జవాబులు రాసుకుని మార్చుకుంటే చాలు. రాయడం రాకపోతే చెప్పుకోవచ్చు. జవాబులు తేడాగా ఉండడం ప్రమాదం కాదు. ఆ తేడా ఆ సాయంత్రం బయటపడకపోతే మేడమ్ ముందు బయటపడుతుంది, అక్కడా కాకపోతే బిడ్డ ముందు.

రంగు, కులం గురించి కూడా అప్పుడే తేల్చుకోవాలి. బిడ్డ ఆడా మగా, ఏ వయసు, ఎలాంటి ఆరోగ్యం అన్నవాటిలో ఇష్టం చెప్పుకునే వీలుంది. కులం ఎంచుకునే గడి ఆ దరఖాస్తులో లేదు. దేశంలో దత్తతకు వెళ్లే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. వదిలేయబడేదీ వాళ్లే ఎక్కువ గనుక, అందులో సంతోషించడానికేమీ లేదు.

బిడ్డకు చెప్పాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు నిజానికి. గద్వాల లాంటి ఊళ్లో, అయిజ లాంటి చిన్న పట్నంలో ఒక ఇంటికి బిడ్డ వచ్చిందంటే కల్లు దుకాణం దాకా తెలుస్తుంది. అమ్మకు కడుపు కనబడలేదన్నది ఊరి ఆడవాళ్లందరూ చూశారు. ఏడో తరగతిలో ఓ గొడవ మధ్య పక్క బెంచీ పిల్లవాడు విసిరే మాటగా ఆ సంగతి తెలియడం కన్నా, మాటలు రాకముందు నుంచే నిద్రపుచ్చే కథలో వినడం నయం. ‘నిన్ను తెచ్చుకోవడానికి నేనూ మీ నాయినా బస్సెక్కి పోయినం’ అని మొదలుపెట్టే కథకు ఖర్చేమీ లేదు. తప్పనిసరిగా చెప్పవలసినది అదొక్కటే. కన్నతల్లిని నిందించే మాట మాత్రం ఆ కథలో రాకూడదు.

నివేదిక మూడేళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత మొదలవుతుంది ఎదురుచూపు. దేశంలో 2024-25లో జరిగిన దత్తతలు 4,515. ఇటీవలి సంవత్సరాలతో పోలిస్తే ఎక్కువే. వరుసలో ఉన్న దంపతులు 30 వేలకు పైనే. అనాథగా, వదిలేసినదిగా దొరికిన పసిబిడ్డను కూడా వెంటనే ఇచ్చేయరు. రెండేళ్లలోపు బిడ్డైతే కన్నవాళ్ల కోసం రెండు నెలల్లోగా, పెద్దదైతే నాలుగు నెలల్లోగా వెతికి, బాలల సంక్షేమ సమితి చట్టపరంగా స్వేచ్ఛ ఉన్నట్టు ప్రకటించాలి. ఆరోగ్యమైన పసిబిడ్డ కోసం మూడేళ్లు దాటి ఆగడం మామూలైపోయింది. ఈలోగా ఇల్లు మారినా, పనికి పుణెకో ముంబైకో వలస వెళ్లినా, భార్య గర్భవతి అయినా బాలల పరిరక్షణ విభాగానికి తెలియజేయాలి. ఆ మూడేళ్లు ఖాళీగా కూర్చున్నవాళ్లు కుంగిపోతారు. అన్న పిల్లల్ని సెలవులకు ఇంటికి తెచ్చుకుని, జ్వరమొచ్చినా, మారాం చేసినా తామే చూసుకున్నవాళ్లకు కాలం గడవడమే కాదు, చేయి కూడా తిరుగుతుంది.

పిలుపు వచ్చాక మాత్రం గడువులన్నీ బిగుసుకుపోతాయి. బిడ్డ ఫొటో, ఆరోగ్య వివరాలు పోర్టల్‌లో కనిపించిన 48 గంటల్లో తీసుకుంటామో లేదో చెప్పాలి. అప్పుడు వైద్య నివేదికను తమకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకోవడం వాళ్ల హక్కు. ఆ డాక్టరు ఎవరో ముందే మాట్లాడుకుని ఉంటే ఆ రెండు రోజులు ఉరుకులు పరుగులు ఉండవు. ఒప్పుకున్నాక బిడ్డ ముందు పెంపకానికి ఇంటికి వస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్ట సవరణతో దత్తత ఉత్తర్వు కోర్టు నుంచి కాకుండా కలెక్టర్ నుంచి వస్తోంది. దానికి గడువు రెండు నెలలు.

ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి మేడమ్ మళ్లీ వస్తుంది. అప్పుడు సున్నం ఎవరికీ గుర్తుండదు, గోడల మీద అప్పటికే చేతిముద్రలు పడి ఉంటాయి. ఈ సందర్శనలను తనిఖీ అనుకుని భయపడేవాళ్లు మంచి అవకాశం పోగొట్టుకుంటారు. శిశుగృహం నుంచి వచ్చిన కొంచెం పెద్ద పిల్లలు రొట్టెముక్కలు దిండు కింద దాచుకోవచ్చు, రాత్రుళ్లు లేచి ఏడవవచ్చు, ఎవరు చేయి చాపినా ఎక్కేసి అమ్మను గుర్తించనట్టు ఉండవచ్చు. వారం రోజుల్లో పోయేవి కావివి. వాటిని పక్కింటామెకు చెప్తే ‘ఎవరి పిల్లనో తెచ్చుకుంటే అంతే’ అంటుంది. మేడమ్‌కు చెప్తే అలాంటివి చూసినవాళ్లెవరో, పిల్లల మనస్తత్వ నిపుణులు ఎక్కడున్నారో చెప్పగలదు. అడగాలనుకున్నవి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. కలెక్టర్ ఉత్తర్వు నకళ్లు నాలుగైదు అదే పుస్తకంలో దాచుకోవాలి. జనన ధ్రువపత్రంలో అమ్మానాయినల పేర్లు ఎక్కించడానికి, ఆధార్‌కు, రేషన్ కార్డులో కొత్త పేరు చేర్చడానికి, బడిలో చేర్పించడానికి ప్రతి కౌంటర్ దగ్గరా మొదట అడిగేది అదే.